మడ్‌గార్డ్ మీద నాలుగు వేళ్ళు

ఐసెలిన్ ఊళ్ళో రైలు కట్ట పక్క వీధి. ఆ వీధిలో ఆఖరి ఇంటి గరాజ్ మంచిది కాదని ఓక్ ట్రీ రోడ్డులో మనవాళ్ళ కొట్ల దాకా చెప్పుకునేవాళ్ళు. పాత కార్ల రేకులు సరిచేసే ఫ్రాంక్ అనే ముసలాయన అందులోనే, చేతిలో సుత్తి ఉండగానే పోయాడట. ఆ తర్వాత కూడా చీకటి పడితే... టక్... టక్... అని వినిపించేదట.

ఆ ఇల్లు కొన్నది మా వసుమతి కూతురే. వసుమతి నాకు చెప్పిన సంగతి ఇది — మరిచిపోకముందే రాసిపెడుతున్నాను.

2009 ఎండాకాలం. ఇంటితోపాటు వచ్చిన ఫ్రాంక్ కారును మనవడు హర్షిత్ హాట్ రాడ్ చేస్తున్నాడు. అంటే, డెబ్భై ఏళ్ళ నాటి కారు పైకప్పు కోసి, పొట్టిచేసి, మళ్ళీ అతికి, పెద్ద ఇంజిన్ పెట్టడం. ఒక మడ్‌గార్డ్ ఊడదీసి, సొట్టలు తీసి, పాత రంగంతా గీకేశాడు. మెరిసే ఉత్తి రేకు మిగిలింది. దాన్ని గరాజ్‌లో ఉన్న ఫ్రిజ్ పక్కన గోడకి ఆనించాడు.

తెల్లారేసరికి దాని మీద నాలుగు వేళ్ళు... తుప్పు రంగులో.

"ఎవరు టచ్ చేశారు? ఉత్తి రేకు మీద చెయ్యి పడితే చేతికున్న ఉప్పుకి తెల్లారేసరికి తుప్పే! నేను గ్లవ్స్ లేకుండా ముట్టుకోను" అన్నాడు హర్షిత్.

ఎవరూ ముట్టుకోలేదు. రుద్ది చెరిపాడు. మర్నాడు మళ్ళీ — అక్కడే.

"ఫ్రాంకేమో, అమ్మమ్మా. రేకు నున్నగా వచ్చిందో లేదో ఈ పనివాళ్ళు చేత్తో తడిమి చూస్తారు..." అని నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

కూతురు వసంతలక్ష్మి నవ్వలేదు. తల్లి వైపే చూసింది.

"అమ్మా... నువ్వు కాదు కదా?"

"నేనెందుకు ముట్టుకుంటానే?"

"మొన్న స్టవ్ మీద పాలు మాడినప్పుడూ నేను పెట్టలేదన్నావు. ఇంకోసారి ఇలా అయితే మెమరీ టెస్ట్ చేయిద్దాం. నిన్ను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేను."

ఆ పూట వసుమతి దేవుడికి దణ్ణం పెట్టుకుంది — స్వామీ, అది దెయ్యమే అయ్యేట్టు చూడు!

రాత్రి మనవణ్ణి వెంటబెట్టుకుని గరాజ్‌లో కాపలా కూర్చుంది. లైటు తీసేశారు. కూడా పెరుగన్నం గిన్నెలు. చీకట్లో హర్షిత్‌కి కునుకు పట్టింది.

ఠంగ్—

కళ్ళు తెరిచాడు. మడ్‌గార్డ్ ముందు... తెల్లటి ఆకారం. వంగింది. రేకు మీద చెయ్యి వేసింది...

ఫోన్ వెలిగించాడు. తెల్ల నైటీలో అమ్మమ్మ!

"అమ్మమ్మా... ఇప్పుడేం చేశావ్?"

"ఫ్రిజ్‌లో ఆవకాయ తీసుకుందామని లేచానురా."

"ఇప్పుడు, ఇక్కడ... ఏం చేశావ్?"

"ఏం చేశాను? ఏమీ లేదే!"

హర్షిత్ చూసింది చెప్పాడు: ఆమె కాలు మడ్‌గార్డ్‌కి తగిలింది. వంగి తాకి, కళ్ళకద్దుకుంది. రోజూ భోజనాల వేళ ఇదే ఫ్రిజ్, ఇదే ఇరుకు, ఇదే ఉప్పు చెయ్యి.

వసుమతి కుర్చీలో కూలబడింది. "అయితే... నేనేనన్నమాట. గుర్తే లేదురా." "మీ అమ్మకి చెప్పకు."

ఫోన్ వెలుగు ఆరిపోయింది. హర్షిత్ లేచి, గోడ పక్కనుంచి తడుముకుంటూ వెళ్ళి లైటు వేశాడు.

తెల్లవారింది. వసంతలక్ష్మి కాఫీ కప్పుతో వచ్చి మడ్‌గార్డ్ దగ్గర ఆగిపోయింది.

నాలుగు వేళ్ళు. వాటి పక్కన... ఇంకో నాలుగు. పెద్దవి. మగవాడి చెయ్యి.

"హర్షిత్... ఇదెవరిది?"

"నాకేం తెలుసు! నేనెందుకు ముట్టుకుంటాను, మామ్?"

వసుమతి ఆ పెద్ద వేళ్ళ గుర్తు వంక చూసింది. మనవడి చేతుల వంక చూసింది. రాత్రి అన్నం తినడానికి గ్లవ్స్ తీసినవాడు మళ్ళీ వేసుకోలేదు.

"లైటు వెయ్యబోతూ నువ్వూ దాన్ని తన్నావురా. వంగి కళ్ళకద్దుకున్నావు. చిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిలితే నేను నేర్పిందేగా!"

"నేనా? నో వే!"

వసుమతి కూతురి చేతిలోని కాఫీ అందుకుంది.

"వసంతా, మెమరీ టెస్టుకి ముందుగా వీణ్ణే తీసుకెళ్దామా?"