ఇనుము నడిచిన పొలం

శనివారాల్లో మేం చేసే పని తెలిస్తే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగువాళ్ళు నవ్వేవారు. అందరూ గోల్ఫ్‌కో, షాపింగ్‌కో వెళ్తే నేనూ మా వారు కృష్ణమోహన్ మట్టి తవ్వుకోవడానికి వెళ్ళేవాళ్ళం. ఒక మెటల్ డిటెక్టర్, ఒక పార, ఫ్లాస్క్‌లో టీ. అంతే మా సరంజామా.

ఆయన మెషిన్ పట్టుకుని నేలమీద అటూ ఇటూ ఊపుతూ నడిచేవారు. హెడ్‌ఫోన్స్ మాత్రం నా చెవులకే. ఎందుకంటే మట్టిలో ఏముందో తవ్వకముందే చెప్పగలిగేది నేనే. వెండి నాణెం సన్నగా, పైస్థాయిలో పలుకుతుంది. ఇనుము గుర్రుమంటుంది. చిక్కంతా మధ్యలోనే. కోక్ డబ్బా మీద లాగి తీసే రింగుకీ, చాక్లెట్ రేకుకీ, బంగారు ఉంగరానికీ మెషిన్ దాదాపు ఒకే నంబర్ చూపిస్తుంది. నేను ఏళ్ళ తరబడి బేస్‌మెంట్‌లో పిల్లలకి వయొలిన్ నేర్పుతున్నదాన్ని. రేకు శబ్దం అంచుల దగ్గర చిరిగినట్టు ఉంటుంది. బంగారం గుండ్రంగా పలుకుతుంది. ఎటునుంచి వచ్చినా దాని శ్రుతి కదలదు.

ఇనుము మాకు చెత్త కింద లెక్క. పాత పొలాల్లో తుప్పుమేకులు కొల్లలు. ప్రతిదానికీ ఆగి తవ్వితే నడుం విరుగుతుంది. అందుకని ఇనుముని వినిపించకుండా చేసే సెట్టింగ్ ఒకటి పెట్టుకునేవాళ్ళం. కింద ఇనుము ఉంటే హెడ్‌ఫోన్స్‌లో సన్నగా వినిపించే హోరు ఒక్క క్షణం తెగి, మళ్ళీ వస్తుంది. అంతే.

ఆ నవంబర్ శనివారం మధ్యాహ్నం మేం వెళ్ళింది ఇంటికి గంట దూరంలో ఉన్న ఒక మొక్కజొన్న పొలానికి. పంట కోసేశారు. ఒకప్పుడు అక్కడ ఇల్లుండేదట. ఇప్పుడు నాలుగు పునాది రాళ్ళు, విరిగిన ఇటుకలు తప్ప ఏమీ లేవు. పొలం ఓనర్ ఫోన్‌లోనే ఒప్పుకున్నాడు. "దొరికింది మీరే ఉంచుకోండి, నాకు చూపించక్కర్లేదు" అన్నాడట. ఆ మాటకి మా వారు మహా సంబరపడ్డారు.

మంచు నేలబారుగా కమ్ముకుని ఉంది. మధ్యాహ్నమే అయినా రోడ్డు పక్కన పెట్టిన మా కారు మసగ్గా కనిపిస్తోంది. కుళ్ళిన మొక్కజొన్న మోళ్ళ వాసన. ఒక్క పిట్ట కూత లేదు.

మొదట అంతా చెత్తే. "రేకు... వదిలేయండి. తూటా తొడుగు... వదిలేయండి" అంటూ నడిచాను. పునాది రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పలికింది. తీయగా, గుండ్రంగా, ఎక్కడా చిరగకుండా.

"బంగారం" అన్నాను.

ఆయన నావైపు ఒకసారి చూసి పార దించారు. జానెడు లోతులో దొరికింది. ఆడవాళ్ళ ఉంగరం. సన్నటి పట్టీ, లోపలివైపు పూలతీగ చెక్కి ఉంది. మట్టి తుడవగానే మెరిసింది.

"పద్మా, నీ చెవులకి దండం పెట్టాలి!" అన్నారాయన. ఉంగరాన్ని దూది పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, జేబులో పెట్టుకున్నారు.

ఇంకొంచెం దూరం నడిచాం. మళ్ళీ పలికింది. నాకు ఒళ్ళు జల్లుమంది. బంగారమని కాదు. రెండు ఉంగరాలు ఎప్పుడూ సరిగ్గా ఒకే శ్రుతిలో పలకవు. ఇది పలికింది.

"ఏవండీ, ఇది ఇందాకటిదే."

"ఇందాకటిది నా జేబులో ఉంది కదా" అని నవ్వి తవ్వారు. అదే లోతు. అదే సన్నటి పట్టీ, అదే పూలతీగ. కాకపోతే ఈసారి దానికి పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. ఎర్రటి జుట్టు. ఆయన జేబులోంచి డబ్బా తీసి తెరిచారు. దూది మీద గుండ్రటి గుంట మాత్రం ఉంది. ఉంగరం లేదు.

"జారిపోయుంటుంది" అన్నారు. నమ్మి అన్నట్టు లేదు.

నేనింకో సంగతి ఆయనకి చెప్పలేదు. ఉంగరం పలికిన రెండుసార్లూ దాని పక్కనే హోరు ఒక్క క్షణం తెగింది. ఇనుము. మొదటిసారి కొంచెం దూరంగా తెగింది. రెండోసారి దగ్గరగా.

"ఇంటికి వెళ్దామండీ. వేద ఒక్కతే ఉంది" అన్నాను. మా అమ్మాయికి పదిహేడేళ్ళు. కాలేజీ అప్లికేషన్లు రాసుకోవాలని ఇంట్లోనే ఉండిపోయింది.

సరేనన్నారు. కారు వైపు తిరిగాం. ఆయన మెషిన్ ఆపలేదు, చేతిలో వేలాడుతోంది. నాలుగడుగులు వేశామో లేదో... మేం వచ్చిన దారిలోనే, ఇందాక ఏమీ పలకని చోట పలికింది.

అక్కడ తవ్వే పని లేకపోయింది. మట్టి అప్పుడే తిరగేసినట్టు గుల్లగా ఉంది. ఆయన బూటు కొసతో కదిపారు. ఉంగరం. ఈసారి వేలి ఎముకకి ఉంది.

"పోలీసులకి ఫోన్ చేయాలి" అన్నారాయన. ఫోన్ తీశారు. సిగ్నల్ లేదు.

నా చెవుల్లో హోరు తెగింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ తెగింది.

మెషిన్ కదలడం లేదు. దాని కొసన ఉండే గుండ్రటి కాయిల్ నేలమీద ఆనించి ఉంది. కదలని కాయిల్ కింద కదలని ఇనుముకి హోరు అలా తెగడానికి వీల్లేదు.

"ఆ సెట్టింగ్ తీసేయండి" అన్నాను మెల్లగా. "ఇనుము కూడా వినిపించేట్టు పెట్టండి."

"ఇప్పుడా? ఎందుకు?"

"పెట్టండి!"

ఆయన బటన్ నొక్కారు.

గుర్ర్... గుర్ర్... గుర్ర్...

బరువైన ఇనుము. మేకు కాదు. గుర్రపు నాడా కాదు. పెద్దది. నేలలో లేదు. నేను ఆయన చేతిలోంచి మెషిన్ లాక్కుని, పట్టీ భుజానికి వేసుకుని, కాయిల్ పైకెత్తాను. నడుం ఎత్తుకి వచ్చేసరికి శబ్దం పెద్దదయ్యింది. ఎడమవైపు తిప్పాను. తగ్గింది. కుడివైపు తిప్పాను. చెవులు పగిలిపోయాయి.

కుడివైపు మంచు తప్ప ఏమీ లేదు. ఆ మంచులో ఎవరో ఊపిరి వదిలినట్టు ఒక చోట మాత్రం పలచబడింది. చెమట వాసన... పశువుల కొట్టం వాసన...

"పరిగెత్తండి" అన్నాను.

పరిగెత్తాం. కారు కనిపిస్తూనే ఉంది. దాని తలుపు పిడి కూడా కనిపిస్తోంది. సగం దూరంలో ఆయన బోర్లా పడ్డారు. కాలు తట్టుకుని పడ్డారనుకున్నాను. లేపబోతే లేవలేదు. ఆయన ఎడమచేతి మణికట్టు నేలకి అతుక్కుపోయి ఉంది.

మట్టిలోంచి వచ్చిన చెయ్యి దాన్ని పట్టుకుంది.

తెల్లటి చెయ్యి. ఆడమనిషిది. ఇందాకటిలా ఎముక కాదు. కండ ఉంది. గోళ్ళున్నాయి. వేలికి ఆ ఉంగరముంది. ఆయన చేతిని నేలమీద చాపి, వేళ్ళు విడదీసి, పీట మీద కూరగాయ పెట్టినట్టు పెట్టి పట్టుకుంది.

"పద్మా... వెచ్చగా ఉంది" అన్నారాయన. "దీని చెయ్యి వెచ్చగా ఉంది..."

నా చెవుల్లో గుర్రుమనే శబ్దం ఒక్కసారిగా పైకి లేచింది. ఎవరో చేతులెత్తినట్టు. ఆ తర్వాత కిందికి వచ్చింది.

కనిపించింది ఏమీ లేదు. టక్కుమని కట్టె కొట్టిన శబ్దం. ఆయన ఉంగరం వేలు, దాని పక్క వేలు తెగి మోళ్ళలోకి ఎగిరిపడ్డాయి. నెత్తురు నా మొహం మీద చిమ్మింది. ఆయన పెట్టిన అరుపు మనిషి అరుపులా లేదు.

ఇనుము మళ్ళీ పైకి లేచింది.

పార ఆయన పక్కనే పడి ఉంది. నేను దాన్ని అందుకుని, కళ్ళు మూసుకుని, శబ్దం వచ్చిన వైపు బలమంతా పెట్టి తిప్పి కొట్టాను. ఖణేల్మంది. గాల్లో. ఇనుముకి ఇనుము తగిలి నా భుజాలు అదిరిపోయాయి. నిప్పురవ్వ రాలింది. పార కర్ర నిలువునా చీలిపోయింది. శబ్దం వెనక్కి తగ్గింది. చుట్టూ తిరిగింది. ఎడమవైపు నుంచి వచ్చింది. మెషిన్ నా భుజానికి పట్టీతో వేలాడుతూనే ఉంది, ఆ గుర్రు వినే ఎటువైపు తిరగాలో తెలుసుకుంటున్నాను. రెండో దెబ్బ సగం ఆపగలిగాను. మిగతా సగం ఆయన తొడలో దిగింది.

అప్పుడు నాకు పిచ్చెక్కింది. ఇంకోమాట లేదు. పార అంచుతో మట్టిలోని ఆ చేతిమీద పొడిచాను. పొడిచాను. పొడుస్తూనే ఉన్నాను. కింద ఎముక విరిగిన చప్పుడైంది. వేళ్ళు ఒక్కొక్కటే వదిలాయి. మట్టి కింద ఎవరో... ఏడ్చారో, నవ్వారో... నాకు ఈరోజుకీ తెలియదు.

ఆయన్ని చంకల కింద పట్టుకుని ఈడ్చుకెళ్ళాను. కారులోకి తోసి తలుపు వేస్తుంటే పైకప్పు మీద దెబ్బ పడింది. రేకు చీలి, చీలికలోంచి మంచు లోపలికి వచ్చింది. నేను వెనక్కి చూడలేదు. నా చున్నీ ఆయన తొడకి బిగించి కట్టి, యాక్సిలరేటర్ మీద కాలు వేశాను.

దగ్గర్లోని చిన్న ఊళ్ళో ఆసుపత్రి ఉంది. ఎమర్జెన్సీ గుమ్మంలో ఆయన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్ళిపోయారు. నేను నెత్తురు బట్టలతోనే కుర్చీలో కూలబడ్డాను. ఎంతసేపైందో తెలియదు. నర్సు వచ్చి, ప్రాణానికి భయం లేదని, వేళ్ళు మాత్రం రావని చెప్పింది. నేను ఏడ్చాను. ఆమె నా వీపు రాసి, మెల్లగా అడిగింది.

"మీతో కారులో వచ్చిన ఆవిడ ఎక్కడికి వెళ్ళారు? ఆవిడ చెయ్యి కూడా నుజ్జయిపోయి ఉంది. కట్టు కడదామని పేరు అడిగితే చెప్పలేదు. అడ్రస్ ఒకటి చెప్పి బయటికి వెళ్ళిపోయారు."

ఆమె కాగితం చూసి ఆ అడ్రస్ చదివింది. అది మా ఇల్లు.

ఇంటికి ఫోన్ చేశాను. వేద మొదటి రింగ్‌కే ఎత్తింది.

"అమ్మా, నువ్వే పంపావా? ఎవరో లేడీ వచ్చింది. షీ ఈజ్ బ్లీడింగ్. లోపల కూర్చోబెట్టాను."

"వేదా... బయటికి వెళ్ళిపో."

"వెళ్ళలేను అమ్మా" అంది. గొంతు బాగా తగ్గించింది. "బయట ఒకతను నిలబడి ఉన్నాడు. ఆమె డోర్ తియ్యొద్దు అంటుంది. బాగా ఏడుస్తుంది."

"ఆమె దగ్గరికి వెళ్ళకు! మేడ మీద బాత్‌రూమ్‌లోకి వెళ్ళి లాక్ చేసుకో. ఇప్పుడే! పోలీసులు వస్తారు. ఎవరు పిలిచినా తియ్యకు..."

మెట్లెక్కుతున్న అడుగులు వినిపించాయి. లాక్ పడింది. ఫోన్ కట్ అయింది.

నర్సే పోలీసులకి ఫోన్ చేసింది. నేను ఇంటికి చేరేసరికి వీధంతా ఎర్ర, నీలం లైట్లు. వేద బతికే ఉందని గుమ్మంలోనే చెప్పారు. ఇల్లంతా వెతికారట. లోపల గానీ బయట గానీ ఎవరూ లేరట. సోఫా మీద నెత్తుటి చుక్కయినా లేదు.

పిల్ల టబ్‌లో మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. గట్టిగా పట్టుకున్నాను. "ఇందులోకి ఎవరైనా వచ్చారామ్మా?" అని అడిగితే, "తలుపు తియ్యలేదమ్మా. ఎవరూ రాలేదు" అంది.

మా వెనకే నిలబడ్డ ఆఫీసర్ బాత్‌రూమ్ తలుపుని మెల్లగా నావైపు తిప్పాడు. వాళ్ళు లాక్ ఊడదీసిన చోటు తప్ప బయటివైపు తెల్లరంగు చెక్కుచెదరలేదు.

లోపలివైపు, పైనుంచి కిందిదాకా, గొడ్డలి గాట్లు.