వెలుగు తగ్గిన తేలు

కాళేశ్వరంలో, గోదావరి మెట్ల మీద, స్నానాల రద్దీలో చంద్రయ్యను కాల్చి చంపారు. కాషాయం కట్టిన ఆ యాత్రికుడు ప్రభుత్వ ఏజెంటని తెలిసినవాళ్లు ఇద్దరే. చీఫ్ రఘునాథ్, ఏజెంట్ ఊర్మిళ.

అది 1983. మర్నాడు మానుకోట బాలికల స్కూలుకు విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ వేషంలో రఘునాథ్ వచ్చాడు. అక్కడ సైన్స్ టీచరుగా ఉన్న ఊర్మిళ అతన్ని ల్యాబ్‌లోకి తీసుకెళ్లి తలుపు మూసింది.

"నేనైతే ఎవరికీ చెప్పలే," అన్నాడు రఘునాథ్. "మిగిలింది నువ్వు."

"నేనెవరితోని మాట్లాడనే మాట్లాడను సార్."

అది నిజం. అవసరం లేని మాట వద్దన్నది డిపార్ట్‌మెంట్ రూలు. డ్రాయింగ్ టీచర్ వేషంలో తనకు అసిస్టెంటుగా డిపార్ట్‌మెంట్ పంపిన మనోరమతో ఒకే ఇంట్లో ఉంటూ కూడా ఊర్మిళ ఆ రూలు దాటలేదు. ఉప్పు అందించమనడం, గడియ పెట్టమనడం, అంతే.

"భూపాలపల్లి అడవిలో మన సర్వే మ్యాపులను విదేశీ ముఠా కొంటున్నది. చంద్రయ్యను చంపింది ఆ ముఠానే. ముఠాలో ఎవరెవరున్నరో సర్వే ఆఫీసుల పనిచేసే పౌలుకు ఎరుక. సాయంత్రం వరంగల్ ప్యాసింజర్‌కు ఇక్కడ దిగుతడు. స్టేషన్ల మనోళ్లు ఉంటరు. ఆయన పానం పోయిందంటే మాత్రం నిన్నే లోపలేస్త."

చీఫ్ వెళ్లిపోయాడు. ఊర్మిళ కిటికీలు మూసి చాక్‌పీసుల డబ్బా బోర్లించింది. ఆదేశాలు ఆ డబ్బా అడుగునే వస్తాయి, కంటికి కనబడని సిరాతో. చంద్రయ్య దారి, పౌలు రాక, అన్నీ అట్లాగే వచ్చాయి. అల్ట్రావయొలెట్ దీపం వేస్తేనే అక్షరాలు తేలతాయి.

దీపం వేసింది. అక్షరాలు మెరిశాయి. పక్కన గాజుపెట్టెలో తేలు మెరవలేదు.

నిరుడు వానల్లో రాయి కింద దొరికిన నల్లతేలు అది. బొద్దింకలు వేసి సాకుతోంది. ఒకసారి ఈ దీపం వెలుగు మీద పడగానే దాని ఒళ్లంతా ఆకుపచ్చగా, నీలంగా వెలిగింది. ఆ ఊళ్లో తనను పలకరించింది అదొక్కటే అనిపించింది ఊర్మిళకు.

ఇప్పుడది మసకగా ఉంది. వెలుగు తగలగానే పెంకు ముక్క కిందికి దూరింది. కుబుసం విడిచిన కొత్తలో తేలు మెరవదు. కానీ ఇది ఎదిగిన తేలు, పెట్టెలో కుబుసమూ లేదు. ఇక ఒకటే కారణం. ఈ దీపం కింద రోజూ గంటల తరబడి ఉంటే తేలు మెరుపు తగ్గిపోతుంది.

ఊర్మిళ దీపం వేసేది నాలుగు మాటలు చదివేంతసేపే. ల్యాబ్ రెండో తాళంచెవి మనోరమ దగ్గరుంది.

బండి వచ్చే వేళవుతోంది. ఊర్మిళ స్టేషన్‌కు పరుగెత్తింది. మనోరమ ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఉంది. జార్జెట్ చీర, మబ్బు పట్టినా నల్ల కళ్లద్దాలు, చేతిలో గొడుగు. కూలీల వేషంలో ఉన్న చీఫ్ మనుషులు ఆమెను తమ మనిషేనని వదిలేశారు.

"ఏందక్కా, గిట్ల ఉరికొస్తున్నవ్? పెండ్లికొడుకు దిగుతున్నడా?"

"నువ్వెవరి కోసమొచ్చినవ్?"

"నా పెండ్లికొడుకు కోసం."

బండి ఆగింది. తలకు తువ్వాల చుట్టుకుని పౌలు దిగాడు. గొడుగు మొన అతని గుండె వైపు లేచింది. ఊర్మిళ రెండు చేతులా గొడుగును పైకి నెట్టింది. గొడుగు మొనలోంచి పేలిన తూటా రేకుల కప్పును చీల్చుకుపోయింది. పౌలు వెనక్కి బండిలోకి దూకాడు. కూలీలు మనోరమ చేతులు విరిచి పట్టుకున్నారు.

జీపు ఎక్కించేముందు మనోరమ అడిగింది. "ఎట్ల తెలిసిందక్కా?"

"తేలు మెరుపు తగ్గింది. అక్షరాల ఫోటో తీసుకోను జరసేపు చాలు గదా, మరి గంటలకొద్ది దీపం ఎందుకేసినవ్?"

మనోరమ కళ్లద్దాలు తీసింది. "ఊకెనే. ఆ తేలు మెరుస్తుంటే చూస్కుంట కూసునేదాన్ని. నీతోని మాట కలుపుదామంటే నువ్వు నోరు తెరువకపోతివి. గోడలతోని ఎంతకని ఉండాలె?"

ఊర్మిళ ఏదో అనబోయింది. జీపు కదిలిపోయింది.

పౌలు చెప్పిన పేర్లతో ముఠా మొత్తం దొరికింది. చీఫ్ ఫోన్ చేశాడు. "శబాష్. ఈసారి పక్కా నమ్మకస్తురాలిని పంపుత."

"నమ్మకం సంగతి నేను చూసుకుంట సార్," అంది ఊర్మిళ. "మీరు జర మాట్లాడేటామెను పంపండి."