నాన్న తెరచాప కిల్ట్

మధ్యాహ్నం 1:10. స్కాట్లండ్‌లో ఓబన్ రేవు పక్కన లామాంట్ అక్కచెల్లెళ్ళ కుట్టు దుకాణం.

పదింటికి బయటికెళ్ళిన చెల్లెలు ఊనా లోపలికి వచ్చి అక్కడే నిలబడిపోయింది.

బల్లమీద తను కుట్టిన కిల్ట్, మగవాళ్ళు నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ళ లంగా, లేదు. ఎనిమిది గజాల పాత తెరచాప గుడ్డ పరిచి ఉంది. ఇరవై ఏడు కుచ్చిళ్ళూ ఎవరో విప్పేశారు.

తెల్లారితే కిల్టుల పోటీ.

1:40కి డిటెక్టివ్ సార్జెంట్ ఫిన్లే రాంకిన్ వచ్చాడు.

"తాళం?"

"పగలు వెయ్యం సార్."

"అనుమానం?"

"ఎదురు దుకాణం లాక్లన్ మీద. సంప్రదాయపు టార్టన్ గళ్ళు లేని కిల్ట్ కంటే గోనె చుట్టుకోవడం నయమని ఊరంతా చెప్తున్నాడు."

లాక్లన్‌ని పిలిపించారు.

"అన్నాను సార్. కడుపుమంట! నలభై ఏళ్ళుగా కుడుతున్నా. పేపర్లో ఫొటో మాత్రం ఈవిడది పడింది."

"పది నుంచి ఒంటిగంట దాకా ఎక్కడున్నారు?"

"మల్ దీవికి వెళ్ళే పడవలో. ఇదిగో టికెట్."

అక్క మైసీ టీ తెచ్చింది. పొద్దున తను చర్చిలో ఉన్నానంది.

రాంకిన్ భూతద్దం పెట్టి గుడ్డంతా వెతికాడు. పావుగంట.

"ఈ గోధుమరంగు దారం మీదేనా, ఊనా?"

"నాదే. నాన్న తన పడవ తెరచాపకి మాట్లు వేసిన రంగే వెతికి కొన్నాను."

"మీ కుట్లన్నీ ఊడాయి. వాటి మధ్య కలిసిపోయిన మీ నాన్న కుట్లు మాత్రం ఒక్కటీ ఊడలేదు. అదే రంగు, అదే దారం. పరాయివాడికి తేడా తెలియదు. ఆయన చేతికుట్టు చూడగానే పోల్చగలిగేది ఎవరు?"

మైసీ ట్రే కింద పెట్టింది.

"నేనే."

"అక్కా! చర్చికన్నావుగా?"

"ఇక్కడే ఉన్నాను. నాన్నతో పడవెక్కింది నేను. ఈ చాప పట్టుకుని వానలో తడిసింది నేను. నువ్వు కోసి కుట్టావు. మెప్పంతా నీకే."

"అడిగితే నీకే ఇచ్చేదాన్నిగా!"

"కొయ్యబోయే ముందు నువ్వు నన్నడిగావా?"

ఊనా నాన్న వేసిన మాటు మీద వేలు పెట్టింది.

"కేసు రాయమంటారా?" రాంకిన్ అడిగాడు.

 ఊనా తల అడ్డంగా ఊపింది. సూదుల డబ్బా తీసి అక్క ముందుకి తోసింది.

"క్షమించేశానని అనుకోకు. పోటీ పదింటికి. ఆ చివర్నుంచి మొదలెట్టు."

మైసీ కళ్ళు తుడుచుకుంది. సూదిలోకి దారం ఎక్కించింది.

"పోటీ చీటీమీద ఎవరి పేరు ముందు రాస్తావ్?"