కొత్త మంటపంలో మొదటి పెళ్లి

ఇటు జరగండి, ఇంకాస్త ఇటు. చేతిలో ఫోన్లు ఒడిలో పెట్టుకోండి, అవి ఎక్కడికీ పారిపోవు. గోడవారగా కూర్చున్న పెళ్లీడు పిల్లా, నువ్వు ముందుకు రా తల్లీ. ఈ కథ నీ చెవిన పడాల్సిందే.

కడపలో రామకోటయ్య అని ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. బద్వేలు నుంచి వచ్చి, అంగడి పెట్టి, పేరు తెచ్చుకున్న మనిషి. ఇంటింటికీ సెల్‌ఫోన్లు వస్తున్న రోజుల్లో ఆయన ఊరి చివర ఒక కల్యాణ మంటపం కట్టడం మొదలుపెట్టాడు. వాళ్ల ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. కొత్త మంటపంలో మొదట మన పిల్ల మెడలో తాళి పడితేనే అది పదికాలాల పాటు కళకళలాడుతుందని. అందుకని పునాది తవ్విన రోజే అందరిలో చెప్పేశాడు, మొదటి పెళ్లి మా శ్రీవిద్యదే అని. పెళ్లికొడుకు ఎవరో తెలియదు, ముహూర్తం ఎప్పుడో తెలియదు. మంటపం మాత్రం లేస్తూ ఉంది.

శ్రీవిద్య ఆయనకు ఒక్కతే కూతురు. సివిల్ ఇంజనీరింగు చదివింది. సైటు పక్కన రేకుల షెడ్డులో కంప్యూటర్ ముందు కూర్చుని, మంటపాన్ని మొత్తం అందులో బొమ్మగా కట్టింది ఆ పిల్లే. మోడలింగ్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూడవచ్చు, తలుపులోంచి లోపలికి పోయి మెట్లెక్కి రావచ్చు. మొదట్లో సరదాగానే ఉండింది. ఒకరోజు వేదిక గీస్తూ గీస్తూ, ఆ పీటల మీద కూర్చునేది తనే కదా అని తట్టి మౌస్ వదిలేసింది. ఆ రోజు నుంచి పిల్లకు కాలు ఒకచోట నిలవలేదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే కిటికీ దగ్గరికి పోతుంది, గోడ ఎంత లేచిందో చూసి మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

నాన్నతో చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచింది. ఆయన మంచివాడే, కానీ మాట పూర్తి కానివ్వడు. అన్నీ నేను చూసుకుంటా పాపా అని నవ్వుతూ చెప్పులేసుకుని వెళ్లిపోతాడు.

ఆయనకు మాత్రం ఒకటే ఆత్రం, పని ఎప్పుడవుతుందని. బేల్దారి మేస్త్రీ హనుమన్నను అడిగితే అయితాది సామీ అంటాడు తప్ప తేదీ చెప్పడు. చివరికి కర్నూలులో సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లే దారి చెప్పారు. దానికే అతికించే ముక్క ఇంకొకటి ఉందట, షెడ్యూలింగ్ యాడ్-ఇన్ అంటారట. అది పెట్టుకుంటే ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చూపిస్తుందట. మీట నొక్కితే బొమ్మలోని గోడలు తేదీల ప్రకారం సినిమాలాగా లేస్తాయట. రామకోటయ్య మురిసిపోయి, వెంటనే మనిషిని పంపమన్నాడు.

అలా దిగాడు జ్ఞానేశ్వర్. సొంతూరు బేతంచెర్ల, వాళ్ల నాన్నకు అక్కడ బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ. ఇతనికి కర్నూలులో ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఉద్యోగం. బస్సు దుమ్మంతా చొక్కా మీద వేసుకుని వచ్చాడు. సిస్టమ్ యాడుంది అని అడిగాడు, అది ఎదురుగానే ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, తెరిచి ఉన్న బొమ్మను టక్కున మూసేశాడు.

శ్రీవిద్య పొద్దుటి నుంచి చెక్కుతున్న వేదిక స్తంభాలు ఒక్క క్షణంలో గాలికి పోయాయి.

"సేవ్ చేసుకోలేదా మీరు?" అన్నాడు అతను, అదేదో ఆమె తప్పే అయినట్టు.

"చేసుకునేలోపల మూసేసినారు కదా."

"ప్రోగ్రామ్ తెరిచిపెట్టి ఇన్‌స్టాల్ చేస్తే యాడ్-ఇన్ మెనూలోకి రాదండీ. అందుకని..."

"నా స్తంభాలు యాడికి పోయినాయో ముందు అది చెప్పండి."

అతను సంచి విప్పాడు. సీడీ పెట్టి పని మొదలుపెట్టాడు. సగంలో కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ పోయింది. శ్రీవిద్యకు లోపల చల్లగా ఉంది, ఈ ముక్క ఎప్పటికీ అతుక్కోకపోతే బాగుండునని. కానీ కరెంటుకూ దయ పుట్టిందో ఏమో, సాయంత్రానికి మెనూలో షెడ్యూల్ అనే మాట వచ్చి కూర్చుంది. జ్ఞానేశ్వర్ ముఖం వెలిగిపోయింది. శ్రీవిద్య లేచి కిటికీ దగ్గరికి పోయింది.

చేసిన పొరపాటుకు అతను బస్సు వదిలేసుకుని ఆ స్తంభాలు తనే గీస్తానని కూర్చున్నాడు. గీశాడు కూడా. నీళ్ల బానల్లాగా లావుగా వచ్చాయి. వాటిని చూసి ఆ పిల్ల చాలారోజుల తర్వాత పకపకా నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

తర్వాత వారం వారం వచ్చేవాడు, యాడ్-ఇన్ వాడటం నేర్పించడానికి. ప్రతి పనికీ ముందు ఏది ముగియాలో చూసి దానితో ముడివేసి కట్టాలి, అదే దాని కిటుకు. కింద సెంట్రింగ్ చెక్కలు కొట్టకుండా స్లాబు వేయలేం, స్లాబుకు నీళ్లు పట్టకుండా సెంట్రింగ్ విప్పలేం. ఒకదానికొకటి కట్టుకుంటూ పోతే తెర మీద పచ్చని పట్టీలు వరుసగా పేరుకుంటాయి, చివరి పట్టీ ఎక్కడ ఆగితే అదే మంటపం ముగిసే రోజు.

ఆ చివరి పట్టీని తర్వాతి తేదీలకు, వెనక్కి నెట్టాలని శ్రీవిద్య తంటాలు పడింది. అబద్ధం చెప్పే పిల్ల కాదు, అందుకని నిజాలనే ఏరుకొచ్చేది. అమావాస్య నాడు మా బేల్దారోళ్లు తాపీ ముట్టరు, అది సెలవుల్లో పెట్టండి అంది. మీ బేతంచెర్లలో పగటిపూట కరెంటు తీసేస్తారు, బండలు ఆలస్యంగా వస్తాయి, అదీ పెట్టండి అంది. హనుమన్న ఊళ్లో జాతర వస్తోంది, కూలీలు ఒక్కరూ ఉండరు అంది.

అతను ఒక్కదాన్నీ కొట్టిపారేయలేదు. ప్రతిసారీ బయటికి పోయి, హనుమన్న పక్కన ఇసుక కుప్ప మీద కూర్చుని, నిజమేనా అని అడిగి వచ్చి, అన్నీ లోపల పెట్టేవాడు. చివరి పట్టీ వెనక్కి జరిగేది. అప్పుడు జుట్టు పీక్కుని ఆలోచించి, పై స్లాబు ఆరేలోపల భోజనశాల గోడలు లేపవచ్చని, అటు రంగు వేస్తుంటే ఇటు బండలు పరవవచ్చని పనులన్నీ పక్కపక్కన సర్దేవాడు. పట్టీ మునుపటికంటే ముందుకు వచ్చి కూర్చునేది. రామకోటయ్య వచ్చి చూసి, భేష్ అని అతని వీపు తట్టి పోయేవాడు.

"ఇంత బిరీన ముగిస్తే మీకు ఎవురైనా బిరుదు ఇస్తామన్నారా?" అంది ఒకసారి ఒళ్లు మండి.

"లేదండీ. చెప్పిన తేదీకి పని అయితే నాకు నిద్ర పడతాది."

"నాకు పట్టదు."

అతను అదేదో హాస్యమనుకుని నవ్వాడు. చూశారా, ఎంత తెలివైనవాడికైనా ఒక్కోచోట బుర్ర పనిచేయదు.

ఇంకో చిక్కు కూడా మెల్లగా వచ్చి పడింది. అతను వచ్చే రోజు ఆమె కర్నూలు బస్సు హారన్ వినబడిందా అని చెవులు అటే పెట్టేది. అతను రాకపోతే ఆ పూట ఎండ ఎక్కువగా ఉన్నట్టు అనిపించేది. మంటపం అయిపోతే పెళ్లి చేసేస్తారు. మంటపం అయిపోతే ఇతనికి ఇక్కడ పని ఉండదు. ఏ వైపు నుంచి చూసినా ఆ పచ్చని పట్టీ ఆమె గొంతు మీదికే వచ్చేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం రామకోటయ్య నంద్యాల సంబంధం సంగతి ఇంట్లో చెప్పాడు. వచ్చే శుక్రవారం వాళ్లు మంటపం చూస్తారు, పిల్లను చూస్తారు, నచ్చితే తాంబూలాలు పుచ్చుకుంటారు. శ్రీవిద్య అన్నం కలిపిన చేయి అలాగే కడుక్కుని సైటుకు వచ్చేసింది. జ్ఞానేశ్వర్ వేదిక దగ్గర బండల వరుస చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి, మన వైపు ఎప్పుడో గాని రాని పెద్ద వాన దబదబా దిగింది. ఇద్దరూ సెంట్రింగ్ చెక్కల కిందికి పరుగెత్తారు. పైనుంచి చినుకులు ఇద్దరి మధ్యలో కారుతున్నాయి. అతని జుట్టు నుదుటికి అంటుకుపోయింది. అది చూడకూడదని ఆమె బయటికి చూసింది.

"ఈ వానకు పని నిలిచిపోతాది. పట్టీ వెనక్కి జరపండి."

"వానకు ముందే కొన్ని దినాలు వదిలిపెట్టినానండీ. ఏం తేడా రాదు."

ఆమె ఇక ఆగలేకపోయింది. "మీకేంటికండీ అంత తొందర? ఈ హాలు ఎప్పుడయితే అప్పుడు నా పెళ్లి. అది తెలుసునా మీకు?"

అతని చేతిలో టేపు సర్రున చుట్టుకుపోయింది. "ఎవురితో?"

"నాకే తెలీదు. నంద్యాల నుండి ఎవురో వస్తాండారు."

అతను, ముందే తెలిసి ఉంటే అని ఏదో అనబోయాడు.

"తెలిసి ఉంటే ఏం చేద్దురు? గోడలు నిదానంగా లేపుదురా?"

"లేదండీ. తప్పు తేదీ మాత్రం నేను పెట్టలేను."

ఆ మాట ఆమెకు ముల్లులా దిగింది. అతను వాన తగ్గకుండానే బస్సుకు వెళ్లిపోయాడు. తర్వాత ఫోను లేదు, కబురు లేదు. శ్రీవిద్య షెడ్డులో ఈ మూల నుంచి ఆ మూలకు తిరిగి తిరిగి, ఇంతేలే, అతనికి పట్టీలు తప్ప మనుషులు అక్కర్లేదు అనుకుంది. అనుకుంటూనే హారన్ కోసం వింది.

గురువారం నాడు జ్ఞానేశ్వర్ వచ్చాడు. రామకోటయ్యే రమ్మన్నాడు, రేపు నంద్యాలవాళ్లకు చూపించాలి, ఒకసారి అంతా సరిచూడమని. ఆయన తన భార్య సుందరలక్ష్మిని కూడా షెడ్డుకు వెంటబెట్టుకుని వచ్చాడు. హనుమన్న తలగుడ్డ విప్పుకుని గుమ్మంలో నిలబడ్డాడు. శ్రీవిద్య కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. జ్ఞానేశ్వర్ ఆమె వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో సుందరలక్ష్మికి కనబడింది.

"ఆ చివర్న మా పాప పెళ్లి కూడా పెట్టప్పా. అది చూస్తే వాళ్లకూ సంతోషం," అన్నాడు రామకోటయ్య.

జ్ఞానేశ్వర్ వేళ్లు కీబోర్డు మీద ఆగి, మెల్లగా కదిలాయి. తెర మీద పెళ్లి అనే పని వచ్చింది. పక్కనే ఎర్ర గుర్తు పడింది.

"అదేంది ఎర్రగా?"

"దీనికి ముందు ఏ పని ముగియాలో కట్టలేదు సార్. ఏమేం కట్టమంటారు?"

"హాలు కావాల. ఇంకేముంటాది?"

జ్ఞానేశ్వర్ హాలు కట్టాడు. ఎర్ర గుర్తు పోయింది. కానీ అతను మీట నొక్కలేదు. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"ఒక పని విడిచిపెట్టినాం సార్."

"ఏంది? వంటోళ్లా? మేళమా?"

"అది నేను చెప్పేది కాదు సార్." కుర్చీలోంచి లేచి, పక్కకు తప్పుకుని, అప్పుడు చూశాడు శ్రీవిద్య వైపు.

కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె కిటికీ ఊచ వదిలి, వచ్చి కూర్చుంది. కీబోర్డు దగ్గరికి లాక్కుంది. పెళ్లికి ముందు ఒక కొత్త పని కట్టి, తెర చూస్తూనే చెప్పింది.

"నన్ను అడగడం నాయనా. అది కాకుండా ఇది మొదలు కాదు."

చెప్పి మీట నొక్కింది. తెర మీద పునాది పరుచుకుంది, గోడలు లేచాయి, పైకప్పు కూర్చుంది, వేదిక మీద స్తంభాలు ఒక్కొక్కటే నిలబడ్డాయి. అంతటితో ఆగిపోయింది. కొత్త పనికి తేదీ లేదు కదా, పెళ్లి రాలేదు. ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.

"నేనూ అడగలేదే," అంది సుందరలక్ష్మి, చాలా చిన్న గొంతుతో.

రామకోటయ్య బయటికి వెళ్లాడు. ఒక గోడ మీద చేయి పెట్టి నిలబడ్డాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు, దారి తప్పిన మనిషి తికమక ఉంది.

"ఇప్పుడు అడుగుతాండా పాపా. నంద్యాల సంబంధం..."

"వద్దు నాయనా."

"ఎవురినన్నా అనుకున్నావా?"

ఆమె జవాబు చెప్పేలోపల జ్ఞానేశ్వర్ ముందుకు వచ్చాడు.

"సార్, ముందు నా మాట ఒకటి వినండి. ఈ యాడ్-ఇన్ నేర్పించేకి కర్నూలు నుండి వారం వారం వచ్చే పనే లేదు. ఫోన్లో చెప్తే సరిపోతాది. నేను వచ్చేది ఈమెను చూసేకి. చెప్పే ధైర్యం లేక పట్టీలు జరుపుతా కూర్చున్నా."

గుమ్మంలోంచి హనుమన్న దగ్గి, "ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు సామీ. ఇసుకలో నా పక్కన కూచ్చుని ఈ పిల్లోడు అమావాస్య గురించి అడిగేది ఒక మాట, పాప గురించి అడిగేది పది మాటలు," అన్నాడు.

సుందరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రీవిద్య చెవులు ఎర్రబడ్డాయి. రామకోటయ్య ఆ కుర్రాడిని కిందినుంచి పైదాకా చూసి, గొంతు సవరించుకుని అడిగాడు.

"మీ గోత్రమేంది అబ్బాయ్?"

ఆ కంగారులో జ్ఞానేశ్వర్‌కు గోత్రం గుర్తు రాలేదు. నమ్మండి, ఒక్క అక్షరమూ గుర్తు రాలేదు. బేతంచెర్లకు ఫోను కలిపి వాళ్ల నాన్నను అడగబోతే, అటువైపు పాలిష్ మిషన్ల రొద. మిషన్ ఆపు నాయనా, మిషన్ ఆపు అని ఇతను షెడ్డు అదిరేలా అరుస్తున్నాడు. రామకోటయ్యకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఫోను వైపు చేయి చాచి, మధ్యలో ఆగి, కూతురి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు పాపా. నేను వాళ్ల నాయనతో మాట్లాడాల్నా, వద్దా?"

అన్నీ నేను చూసుకుంటా అనే మనిషి, జవాబు కోసం నిలబడ్డాడు. శ్రీవిద్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నాళ్లూ నిలవని కాలు నేల మీద కుదురుగా నిలిచింది.

"మాట్లాడు నాయనా," అంది.

ఇదమ్మా ఆ మంటపంలో మొదటి పెళ్లి కుదిరిన తీరు. గుర్తు పెట్టుకోండి. రేపు మీ పిల్లలకో, పక్కింటివాళ్లకో చెప్పేటప్పుడు ఆ కంప్యూటర్ సంగతులు తప్పిపోయినా ఏం కాదు, వాన కాస్త ఎక్కువ కురిపించినా ఏం కాదు. ఫోను అందుకోబోయిన తండ్రి ఆగి, కూతురి వైపు తిరిగాడే, అక్కడ మాత్రం తొందరపడకుండా కాసేపు ఆగి చెప్పండి.