తెర మీద ఆరో గడి

“ఇన్హా గారూ, మీ కెమెరా పాడైందా, మీ మొహం పాడైందా?”

సోమవారం ఉదయం తొమ్మిదిన్నర మీటింగ్‌లో ఓక్ హేవన్ అడిగిన మొదటి ప్రశ్న ఇది. తెర మీద ఆరు గడులున్నాయి. అయిదింటిలో మొహాలు కనిపిస్తున్నాయి. ఆరోది నల్లగా ఉంది. దాని కింద ‘తక్ ఇన్హా’ అని పేరొక్కటే ఉంది.

“రెండూ బాగానే ఉన్నాయి లీడర్ గారూ,” అంది ఆ గడిలోంచి ఓ తీరుబడి గొంతు. “దీవిలో నెట్ అంతంత మాత్రం. మొహం కావాలో, మాట కావాలో మీరే చెప్పండి. రెండూ ఒకేసారి రావు.”

దేగూలో కూర్చుని డిజైన్ పని చేసే మిర్యన్ నవ్వాపుకోలేక కాఫీ కప్పు మొహానికి అడ్డం పెట్టుకుంది.

“మాటే రానివ్వండి,” అంది హేవన్. “మొహం సంగతి తర్వాత చూసుకుందాం.”

ఆమెకి ముప్ఫై ఏళ్లు. దీవులకి వెళ్లే పడవల టికెట్లు ఫోన్‌లోనే కొనుక్కునే యాప్ తయారు చేస్తోంది వాళ్ల సియోల్ కంపెనీ. టీమ్‌లో ఆమెతో కలిపి ఆరుగురు ఆరు ఊళ్లలో ఉంటారు. ‘వీళ్లని కూడగట్టడం నా వల్ల కాదు’ అని పాత లీడర్ చేతులెత్తేస్తే, ‘నాకివ్వండి’ అని హేవనే అడిగి తీసుకుంది. అందరూ సొంతూళ్లకెళ్లే చుసక్ పంటల పండుగకి టికెట్లు అమ్మకానికి పెట్టే రోజుకి యాప్ సిద్ధం కావాలి. చేతిలో పది వారాలే ఉన్నాయి.

మొదటి రోజే ఆమె కట్టడి చేసింది. పొద్దున ఓ మీటింగ్, మధ్యాహ్నం రెండింటికి ఇంకోటి, సాయంత్రానికి ప్రతి గంటకీ ఏం చేశారో లెక్క. నలుగురు తలలూపారు. నల్ల గడి ఊపిందో లేదో తెలియలేదు.

రెండు వారాలు గడిచేసరికి ఇన్హా మధ్యాహ్నం మీటింగ్ వరసగా నాలుగోసారి ఎగ్గొట్టాడు. హేవన్‌కి ఒళ్లు మండింది. ‘గాలం వేసుకుని చేపలు పట్టుకోడానికి మనకి జీతాలివ్వడం లేదు’ అని టీమ్ అంతా చూసే గ్రూపులో రాసి పడేసింది. చివర ఇన్హా పేరు కూడా పెట్టింది.

జవాబు రాలేదు. మర్నాడు పొద్దున ఇరవై మూడు పేజీల నోట్ వచ్చింది.

అతను రోజూ మధ్యాహ్నం తనుండే మురేదో దీవి రేవులో, టికెట్ల కిటికీ పక్కన నిలబడుతున్నాడట. అరవై రెండు మందితో మాట్లాడాడు. వాళ్లలో సగం మంది డెబ్భై దాటినవాళ్లు. ఓ ముసలావిడ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాశాడు: ‘పొగమంచు పడితే పడవ లేదని ఫోన్‌కి ఏదో రాసి పంపుతారు. నా కళ్లకి అక్షరాలు ఆనవు. రేవుకొచ్చి, బెంచీ మీద రెండు గంటలు కూర్చుని, ఇంటికెళ్లిపోతాను.’ కింద ఒక్క వాక్యం ఉంది: ‘మన యాప్ వీళ్లతో నోటితో మాట్లాడాలి.’

హేవన్ చివరిదాకా చదివి ఫోన్ చేసింది.

“ఇంత పని చేస్తూ నాకు ఒక్క ముక్కయినా ఎందుకు చెప్పలేదు?”

“ఎప్పుడు చెప్పను? మీ మీటింగ్‌లో మనిషికి రెండు నిమిషాలు. నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు, ఇక దయచెయ్యి. ఏం తెలుసుకున్నావని మీరెప్పుడైనా అడిగారా?”

ఆమె కాసేపు మాట్లాడలేదు.

“నెట్ పోయిందా?” అన్నాడు ఇన్హా.

“లేదు. మాట పోయింది.”

మర్నాటి మీటింగ్‌లో హేవన్ కుర్చీలో నిటారుగా కూర్చుంది. “ఇన్హా గారిని అందరి ముందూ తిట్టాను. తప్పు నాది. అది కూడా అందరి ముందే చెబుతున్నాను. ఇవాళ్టి నుంచి రెండింటి మీటింగ్ లేదు, గంటల లెక్కలూ లేవు. ఎవరి భాగానికి వాళ్లే యజమానులు. అందులో నిర్ణయం మీదే, నన్నడగక్కర్లేదు. నిర్ణయం తీసుకున్నాక ఎందుకు తీసుకున్నారో అందరికీ కనిపించేచోట రాయండి, చాలు.”

ఆపైన ప్రతి గురువారం ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడటం మొదలుపెట్టింది. పని మాటలే మాట్లాడాలని నియమం పెట్టలేదు. యాప్‌ని పరీక్షించే సొక్చో కుర్రాడికి నెలల పాప ఉందనీ, అది రాత్రి పదింటికి నిద్రపోయాకే అతని బుర్ర పనిచేస్తుందనీ అప్పుడు తెలిసింది. జేజులో ఉండి సర్వర్లు చూసుకునే సోరిమ్, ప్రశ్న అడిగితే నవ్వుతారేమోనని నెలల తరబడి నోరు కుట్టుకు కూర్చుందని కూడా తెలిసింది. “అందరి బదులూ నువ్వే అడుగు. నాకూ సగం తెలియవు,” అంది హేవన్. సోరిమ్ మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వింది.

అందరికంటే చివర ఇన్హా వంతు. అతని పావుగంట కొన్నాళ్లకి ముప్పావుగంట అయింది.

“దీవికి ఎందుకెళ్లారు?”

“రెండు నెలలు సెలవు పెట్టి వచ్చాను. ఇది నాలుగో ఏడు. మా ఇంటి ఓనరు ఇప్పటికీ ‘ఎప్పుడెళ్తావు బాబూ’ అని అడుగుతూనే ఉంటాడు.”

“మీరేం చెబుతారు?”

“వాన తగ్గాక అంటాను. ఇక్కడ వాన తగ్గదు. వినండి,” అని కిటికీ తెరిచాడు. రేకుల మీద వాన చప్పుడు హేవన్ చెవిలో కురిసింది. “సాయంత్రానికి మీ సియోల్‌కి పంపిస్తాలెండి.”

సాయంత్రం ఆఫీసు వదిలేవేళకి సియోల్‌లో వాన మొదలైంది. హేవన్ బస్టాప్‌లో గొడుగు చేతిలో పట్టుకుని, విప్పడం మరిచిపోయి, తడుస్తూ నిలబడింది. పక్కావిడ వింతగా చూసింది.

“మావాళ్లు పంపించారండీ,” అంది హేవన్, ఏం అంటోందో తనకే తెలియకుండా.

మిర్యన్‌కి సంగతి అర్థం కావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. “లీడర్ గారూ, గురువారాలు మీ బుగ్గల రంగు మారుతోంది. డిజైనర్‌ని, నా కళ్లు మోసం చెయ్యవు.”

“నీ రంగులు యాప్‌కి వాడు,” అంది హేవన్.

ఓసారి ఇన్హా ఫోటో పంపనా అని అడిగాడు. “వద్దు,” అంది ఆమె. “యాప్ బయటికి వెళ్లేదాకా వద్దు. చూశాక నాకు పని మీద మనసు నిలవకపోతే?”

అటువైపు ఏదో గిన్నె కిందపడిన చప్పుడైంది. ఇందులో నెట్ తప్పేం లేదు.

టికెట్లు తెరవడానికి సరిగ్గా పది రోజులుందనగా కంపెనీ డైరెక్టర్ గు హేవన్‌ని పిలిచాడు. “హేవన్, యాప్ బాగా వస్తోంది. అందుకే చెబుతున్నా. వచ్చే నెల నుంచి అందరూ సియోల్‌కి వచ్చి కూర్చోవాలి. రానివాళ్లు మానెయ్యొచ్చు. ఎదురుగా లేని మనిషిని ఎలా నమ్మమంటావు?”

 హేవన్ కుర్చీ ముందుకి జరుపుకుంది. “టికెట్లు తెరిచే రోజు నేను కూడా ఆఫీసులో ఉండను డైరెక్టర్ గారూ. నేను పక్కన లేకుండా వాళ్లు ఆ రోజు నడిపించలేకపోతే మీరన్నట్టే చేద్దాం. నడిపిస్తే ఎక్కడివాళ్లని అక్కడే ఉండనివ్వండి.”

“నువ్వెక్కడుంటావు?”

“కొనేవాళ్ల మధ్య. మురేదోలో. ఇంకో మాట. ఇన్హా గారి పనికి మార్కులు ఇక మీరే వెయ్యాలి. నేను వెయ్యడం సబబు కాదు.”

“ఎందుకూ?”

“కారణం అతనితో చెప్పాక మీకు చెబుతాను.”

డైరెక్టర్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. “సరే. వెళ్లు,” అన్నాడు.

టికెట్ల రోజు పొద్దున ఎనిమిదింటికి హేవన్ మొక్పో రేవులో పడవ ఎక్కింది. తొమ్మిదింటికి టికెట్లు తెరుస్తారు. ఎనిమిదీ నలభైకి ఫోన్‌లో సిగ్నల్ పోయింది. ఆ వెంటనే కడుపులో తిప్పడం మొదలైంది. అయిదుగురిని నడిపించిన లీడర్ రెండు చేతులా రెయిలింగ్ పట్టుకుని సముద్రానికి దణ్ణం పెడుతున్నట్టు వంగిపోయింది.

“మొదటిసారా పిల్లా?” అంటూ పక్కనున్న ముసలావిడ వీపు రాసి, చేతిలో అల్లం ముక్క పెట్టింది. “నమలు. దూరంగా ఆ కొండ చూడు, నీళ్లని చూడకు. ఎవరింటికి?”

“పని మీద, బామ్మగారూ.”

“పని మీద వచ్చేవాళ్లు పెదాలకి రంగేసుకోరు,” అంది బామ్మ.

తొమ్మిదైంది. తొమ్మిదిన్నర దాటింది. అక్కడ ఏం జరుగుతోందో తెలియదు. మొదట నిమిషానికోసారి ఫోన్ తీసి చూసింది. తర్వాత ఒక్కొక్కరి మొహం తలుచుకుంది. ఎవరేం చెయ్యాలో ఆ మనిషికి తనకంటే బాగా తెలుసు. అది గుర్తొచ్చాక ఫోన్ జేబులో పెట్టేసింది, అల్లం రుచి తెలిసింది.

దీవి దగ్గరయ్యేసరికి బామ్మ సంచీలో ఫోన్ మోగింది. ఆవిడ మీట నొక్కి చెవికి దూరంగా పట్టుకుంది. “అమ్మమ్మా, పొగమంచు దిగుతోంది. మధ్యాహ్నం తిరుగు పడవ లేదు. రేవుకి రాకండి, ఇంట్లోనే ఉండండి.” యాప్ కోసం రికార్డు చేసిన గొంతు. ఆ తీరుబడి గొంతు.

“మా ఇన్హాగాడు!” అంది బామ్మ మురిసిపోతూ. “వీడి మాటైతే నాకు బాగా వినబడుతుంది.”

హేవన్ ఫోన్ కూడా ఒక్కసారిగా ప్రాణం పోసుకుంది. తొమ్మిదీ నాలుగు నిమిషాలకి జనం విరుచుకుపడి యాప్ నత్తనడక నడిచిందట. సోరిమ్ ఎవర్నీ అడక్కుండా అందర్నీ వరసలో నిలబెట్టి, ఎదురుచూపు ఎన్ని నిమిషాలో తెర మీద చూపించిందట. పది నిమిషాల్లో అంతా కుదుటపడింది. ‘నా భాగమే కదా, నేనే నిర్ణయించాను’ అని సోరిమ్ రాసింది. కింద డైరెక్టర్ వాక్యం ఒకటి: ‘ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి.’

రేవులో వల మూటల మధ్య, నీలం వానకోటు తొడుక్కుని, ఓ పొడగరి నిలబడి ఉన్నాడు. ఎండకి కమిలిన మొహం. ఒక బుగ్గ మీదే సొట్ట.

“లీడర్ గారూ, మీ మొహం ఆకుపచ్చగా ఉంది,” అన్నాడు.

“మీ మొహం బాగుంది,” అంది హేవన్. ఊపిరి పీల్చుకుంది. “వినండి. మీ మీద ఇక నాకు పెత్తనం లేదు, ఆ ఏర్పాటు చేసే వచ్చాను. అందుకే ధైర్యంగా చెబుతున్నా. నాకు మీరంటే ఇష్టం. వారానికో ముప్పావుగంట నాకు చాలడం లేదు.”

ప్రతి మాటకీ జవాబుండే ఇన్హా వానకోటు గుండీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

“ఒరేయ్, ఫోన్లో గంటలు గంటలు వాగుతావు, ఎదురుగా పిల్ల నిలబడితే గుండీలు లెక్కపెడతావేంట్రా?” అని బామ్మ వెనకనుంచి గదమాయించింది.

“నాకూ ఇష్టమే,” అన్నాడు ఇన్హా గబగబా. “మొదటి సోమవారం మీరు నన్ను దులిపిన దగ్గర్నుంచీ. అల్లం గంజి కాచి పెట్టాను. పొగమంచు ఎలాగూ మిమ్మల్ని వెళ్లనివ్వదు. రేపు పొద్దున విడిపోతే…”

“విడిపోతే?”

“తొమ్మిదింటికి పడవుంది. మీ ఇష్టం.”

మర్నాడు పొగమంచు పూర్తిగా విడిపోయింది. పడవ సరిగ్గా వేళకే బయల్దేరింది. అందులో హేవన్ లేదు.