తోడు వచ్చినాయన

ఊళ్ళో నాలుగు మూలలా చెదిరి ఉన్న ఆ రక్షణ సంస్థని ప్రభుత్వం ఒకే చోటికి చేర్చింది. అంతకుముందు ఒక విభాగం బ్యాంకు మేడమీద, ఒకటి కలప అడితి వెనక, ఒకటి రైలు స్టేషను పక్కన, ఇంకొకటి ఊరవతల కొండని తొలిచి కట్టిన గదుల్లో ఉండేవి. అన్నిటిదీ ఒకే పని. సైన్యానికి కావలసిన పటాలు గీయడం, గీసినవి దాచడం.

కొత్త భవనానికి ఇంకా రంగు వాసన పోలేదు. క్యాంటీనులో మొదటి వారమంతా కొత్త కాపురంలా ఉంది. బ్యాంకు మేడవాళ్ళు కొండవాళ్ళని చూసి, "లైట్లు తగ్గించండయ్యా, గుహలోంచి వచ్చారు, కళ్ళు పోతాయి పాపం" అనేవాళ్ళు. "మీకు మెట్లెక్కి మెట్లెక్కి కాళ్ళు పెరిగాయి గాని బుర్ర పెరగలేదు" అని కొండవాళ్ళు అంటించేవాళ్ళు. నవ్వులు బాగానే ఉన్నాయి. కానీ ఎవరు ఎవరో ఎవరికీ తెలీదు. తెలుసుకోకూడదు కూడా. ఆ సంస్థలో చేరిన రోజే చెబుతారు, నీ బల్ల దాటి చూడకు, పక్కవాడి పని అడగకు అని.

లోపలి గదుల తలుపు దగ్గర కాపలా ఉండే ఆవిడని అందరూ గేటక్క అనేవారు. గీసిన గీత దాటని మనిషి. నియమం చిన్నదా పెద్దదా అని బేరమాడేవాళ్ళంటే ఆమెకి గిట్టదు. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది, అదే సంస్థలో పటాల గదిలో ఉద్యోగానికి తనే పెట్టించింది. కొండ ఆఫీసులో ఉన్నప్పటినుంచి వాడికి నూరిపోసింది ఒక్కటే. "అడగకు. తిరిగి చూడకు. ఒంటరిగా లోపలికి వెళ్ళకు."

ఆ చివరిది అక్కడి పాత నియమం. రహస్య పటాలుండే గదిలోకి ఎవరూ ఒంటరిగా పోకూడదు. ఇద్దరు వెళ్ళాలి, ఇద్దరు రావాలి. వచ్చేటప్పుడు మొదటివాడు ముందు నడుస్తాడు. రెండోవాడు తలుపు లాగి, ముందువాడి భుజం మీద రెండుసార్లు తడతాడు. నా వెనక ఎవరూ లేరు, పద, అని దాని అర్థం. తట్టాక మొదటివాడు తిరిగి చూడకూడదు. తోడు వచ్చినవాణ్ణి అనుమానించినట్టు అవుతుందని.

ఒకరోజు అన్నం తింటూ తమ్ముడు నవ్వాడు.

"అక్కా, నా పక్క బల్ల ఆయన వట్టి మూగమొద్దు. గోడకేసి తిరిగి కూర్చుంటాడు, సాయంత్రం దాకా కదలడు. నీ కంటే క్రమశిక్షణ."

"ఎవరాయన?"

"బూడిదరంగు స్వెట్టరు. బ్యాంకు మేడ ఆయనే అయ్యుంటాడు."

"మొహం ఎలా ఉంటుంది?"

"నువ్వే కదా తిరిగి చూడకు అన్నావు!" అని వాడు మళ్ళీ నవ్వాడు. తర్వాత ముక్కు చిట్లించాడు. "ఆయన దగ్గర ఎప్పుడూ లక్క వాసన. కరిగించిన లక్క, తడి రాయి."

గేటక్క చేతిలో ముద్ద ఆగింది. లక్కతో తలుపులకి సీలు వేసే పని కొండ ఆఫీసులోనే ఉండేది. కొత్త భవనంలో లక్క లేదు.

మర్నాడు ఆమె క్యాంటీనులో మాటల మధ్య మాట కలిపింది. బ్యాంకు మేడవాళ్ళు, "ఆ స్వెట్టరాయనా? మీ కొండాయనే కదా" అన్నారు. అడితివాళ్ళు స్టేషనువాళ్ళన్నారు. స్టేషనువాళ్ళు భుజాలెగరేశారు. ప్రతివాళ్ళూ ఆయన్ని చూశారు. ప్రతివాళ్ళూ ఆయన ఇంకొకళ్ళ మనిషి అనుకున్నారు. అడగకూడదని నేర్చుకున్నవాళ్ళు కదా, ఒక్కరూ అడగలేదు.

గూఢచారి. గేటక్కకి ముందు తట్టిన మాట అదే.

ఆ రోజునుంచి ఆమె తలుపు దగ్గర కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చుంది. చూసింది కూడా. ఆ మనిషి ఎప్పుడూ ఒంటరిగా గడప దాటడు. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడతాడు. ఎవరైనా లోపలికి పోతుంటే వాళ్ళ వెనకాలే పోతాడు. ఎవరైనా బయటికి వస్తుంటే వాళ్ళ వెనకాలే వస్తాడు. ఇన్నాళ్ళూ ఆమె కంటికి ఆనకపోవడానికి అదే కారణం. ఆమె మొహాలు చూడదు. జంటలు చూస్తుంది. జంట సరిపోతే తలూపుతుంది. ఆయన ప్రతిసారీ జంటలో రెండోవాడు.

పై అధికారికి చెప్పాలి. చెబితే? పరాయివాడి పక్కన ఇన్నాళ్ళు కూర్చుని రహస్య పటాలు గీసినవాడు తన తమ్ముడు. వాడి ఉద్యోగం పోవడం మాట అలా ఉంచి, వాణ్ణి జైల్లో వేస్తారు. జీవితంలో మొదటిసారి గేటక్క చెప్పవలసిన మాట నోట్లోనే అట్టేపెట్టుకుంది. అది తప్పని ఆమెకి తెలుసు. తెలిసి చేసిన తప్పుకి మన్నింపు ఎక్కడా రాసి లేదు.

చివరికి కొండ ఆఫీసు స్టోరు పెద్దాయన్ని పట్టుకుంది. ఎప్పుడూ నడుం నొప్పి అని సణుగుతూ ఉంటాడు కాబట్టి సణుగుడాయన అని పేరు. తరలింపు రోజున రహస్య పటాల రాతి గదిలోంచి ఆఖరి ట్రంకు పెట్టె తేవడానికి తమ్ముడికి తోడు వెళ్ళవలసింది ఆయనే.

"పెద్దాయనా, ఆ రోజు ట్రంకు రెండో వైపు పట్టుకున్నది మీరే కదా?"

ఆయన నీళ్ళు నమిలాడు. "ఇప్పుడదంతా ఎందుకమ్మా?"

"మీరే కదా?"

"నడుం పట్టేసిందమ్మా. లారీలో కూర్చున్నాను. కుర్రాడు ఒక్కడే వెళ్ళొస్తానన్నాడు. ఒక్క పెట్టె, ఒక్క నిమిషం, ఏమవుతుందిలే అనుకున్నా."

ఆ రోజు తమ్ముడు లోపలికి వెళ్ళాక, సీలు వెయ్యడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది గేటక్కే. కరెంటు అప్పటికే తీసేశారు. లోపల చీకటి. తమ్ముడు ట్రంకు ముందు వైపు పట్టుకుని బయటికి వచ్చాడు. వెనక వైపు పట్టుకుని ఇంకొకరు వచ్చారు. ఆ రెండో మనిషి తలుపు లాగాడు. తమ్ముడి భుజం మీద రెండుసార్లు తట్టాడు. ఇద్దరు రావాలి. ఇద్దరు వచ్చారు. ఆమె తలూపి, తలుపుకి లక్క పోసి, బొటనవేలు అద్ది సీలు వేసింది.

"ఇద్దరు వచ్చారు పెద్దాయనా," అంది మెల్లగా.

సణుగుడాయన మొహం పాలిపోయింది.

"నాకు పని నేర్పినాయన చెప్పేవాడు. ఎప్పుడో, ఇద్దరు లోపలికి వెళ్ళారట. తోడు వెళ్ళినవాడు చుట్ట కాల్చుకుందామని మధ్యలో బయటికొచ్చాడట. వాడు వచ్చాడు కదా అని తలుపు వేసేశారు. రాతి గది, అరిచినా వినపడదు. తర్వాత పెట్టారమ్మా ఈ నియమం."

"లోపలున్నాయన?"

"దొరికాడనీ అంటారు. దొరకలేదనీ అంటారు. మనం అడగం కదా."

ఆ సాయంత్రం అందరూ ఇళ్ళకి వెళ్ళారు. తమ్ముడు రాలేదు. బయటి గేటు దగ్గర జవాను, "ఇందాకే వెళ్ళాడక్కా, ఇంకో ఆయనతో," అన్నాడు. "పాత ఆఫీసులో ఏదో ఉండిపోయిందట. ఒంటరిగా పోకూడదు కదా, ఆయనకి తోడు వెళ్తున్నానన్నాడు. మంచి కుర్రాడక్కా. మీ పెంపకం."

సణుగుడాయన పాత కారులో ఇద్దరూ కొండకి వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. ఖాళీ చేసిన ఆఫీసు ముందు విరిగిన కుర్చీలు, తాళ్ళ ముక్కలు, గాలికి ఎగిరే చిత్తు కాగితాలు. పొడుగాటి నడవ చివర రాతి గది. దాని తలుపు మీద లక్క సీలు అలాగే ఉంది. పగుల్లేదు. ఆమె వేలిముద్ర గీతలు గీతలుగా కనిపిస్తున్నాయి.

"ఇక్కడికి రాలేదమ్మా," అన్నాడు ఆయన ఆశగా. "సీలు తియ్యలేదుగా."

గేటక్క తలుపుకి చెవి ఆనించింది. చల్లటి ఇనుము. అవతల ఎక్కడో నీటి చుక్క పడుతోంది. ఆ చప్పుడు మధ్యలో... గీస్తున్న పెన్సిలు చప్పుడు.

తమ్ముడికి చిన్నప్పటినుంచీ భయమేస్తే ఏదో ఒకటి గీసే అలవాటు.

ఆమె గోళ్ళతో లక్క పీకింది. ఆయన తన దగ్గరే ఉండిపోయిన స్టోరు తాళంచెవితో తాళం తీశాడు. తలుపు తెరుచుకోగానే తడి రాయి వాసన మొహాన కొట్టింది. దానితో కలిసి కమ్మగా, వెచ్చగా, అప్పుడే కరిగించినట్టు లక్క వాసన.

"తోడు రండి," అంది ఆమె.

"నా వల్ల కాదు."

"పెద్దాయనా, నియమం..."

"నా వల్ల కాదమ్మా!"

గేటక్క ఒంటరిగా లోపలికి అడుగుపెట్టింది. టార్చి వెలుగు ఖాళీ అరల మీద పాకింది. రెండో వరస దాటగానే వెలుగు సన్నబడింది. ఆరిపోయింది. పెన్సిలు చప్పుడు ఆగింది.

"ఒరేయ్," అంది గుసగుసగా.

నీటి చుక్క. ఆమె ఊపిరి. ఇంకొకరి ఊపిరి.

గోడ పట్టుకుని నడిచింది. గోడ చెమ్మగా ఉంది. మూల దగ్గర చేతికి జుట్టు తగిలింది. మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్న మనిషి.

"అక్కా?"

"నేనే. లే."

"మెల్లగా మాట్లాడక్కా."

"ఎవరున్నారురా?"

"నాకు తెలీదు. తిరిగి చూడకు అన్నావుగా... చూడలేదు."

ఆమె వాడి చెయ్యి పట్టుకుంది. మధ్యవేలి మీద పెన్సిలు పట్టి పట్టి కాసిన కాయ, చిన్నప్పుడు కత్తిపీట తెగిన మచ్చ. వాడే. అనుమానం లేదు. లాక్కుంటూ వెలుతురు వైపు నడిచింది. అడుగులు... ఆమెవి, వాడివి. అంతే అనుకుంది. గుమ్మం దగ్గర వాణ్ణి ముందుకు నెట్టి, తను వెనక వచ్చి తలుపు లాగింది. ఎప్పుడూ రెండు చేతులా లాగితే గాని కదలని ఇనుప తలుపు, ఆ రోజు లోపలినుంచి ఎవరో నెట్టినట్టు తేలిగ్గా పడింది. ఆమె తమ్ముడి భుజం రెండుసార్లు తట్టింది. నా వెనక ఎవరూ లేరు, పద.

నిజమో కాదో చూడకుండానే తట్టింది.

సణుగుడాయన కారు పక్కన నిలబడి వాళ్ళు రావడం చూశాడు. చూస్తూనే ఒక అడుగు వెనక్కి వేశాడు. తాళంచెవి బానెట్టు మీద పెట్టాడు.

"నువ్వే నడుపుకుని వెళ్ళమ్మా. నేను నడిచొస్తా."

"కొండ దిగి నడుస్తారా? ఆ నడుంతోనా?"

"నడిచే వస్తా."

"ఏం మాటలండీ, ఎక్కండి!"

ఆయన ఆమె మొహం చూడలేదు. కారు వెనక సీటు కేసి చూస్తూ, "బండిలో చోటు లేదమ్మా," అన్నాడు. తల వంచుకుని, నడుం పట్టుకుని, ఆ వాలులో గబగబా దిగిపోయాడు.

వెనక సీటు ఖాళీగా ఉంది.

దారిలో తమ్ముడు ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పాడు. తరలింపు రోజు సంగతి అడిగితే, "పెద్దాయనే వెనక వచ్చాడనుకున్నా అక్కా. ట్రంకు తేలికైంది. భుజం తట్టాడు. చాలా బరువుగా ఉంది ఆ చెయ్యి" అన్నాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

ఇంట్లో అన్ని లైట్లూ వేసింది. వాడి మొహం కడిగించింది. రెండు ముద్దలు తినిపించింది. వాడు తన గది గుమ్మం దగ్గర ఆగి, "తోడు రా అక్కా" అన్నాడు. ఆ మాటకి ఆమె గుమ్మం ఇవతలే ఆగింది. కానీ ఆ గొంతు చిన్నప్పుడు ఉరిమితే తన పక్కలోకి దూరిన పిల్లాడిదే. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. వాడికి నిద్ర పట్టేదాకా పక్కనే కూర్చుంది. రేపు పొద్దున్నే పై అధికారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పెయ్యాలనుకుంది. ఏ శిక్ష పడితే అది పడనీ. తప్పు తనది. తిరిగి చూడకు అని నేర్పింది తను.

వాడి ఊపిరి నిలకడగా వస్తోంది. మొహం ఆమె వైపే ఉంది. దుప్పటి సరిచేసి, చప్పుడు కాకుండా లేచి, హాల్లోకి వచ్చింది. తలుపు వెయ్యాలనిపించలేదు. తెరిచే ఉంచి ఒక అడుగు ముందుకు వేసింది.

వెనక తలుపు మెల్లగా దగ్గరకి పడింది.

గాలి లేదు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. లోపల తమ్ముడు నిద్రలో సన్నగా దగ్గాడు. బయటివైపు గొళ్ళెం పడిన చప్పుడు... ఆమె వీపుకి జానెడు దూరంలో.

లక్క వాసన వచ్చింది.

గేటక్క తిరిగి చూడలేదు. కుడి భుజం మీద బరువుగా, చల్లగా, ఎంతో మర్యాదగా... ఒకసారి. ఇంకోసారి.