అవ్వ తల మీద ఒట్టు

జావ కలిపి తెచ్చిన కూతురి వైపు చూడలేదు, సెలైన్ మార్చిన నర్సు వైపూ చూడలేదు... సాయవ్వ చూపంతా గుమ్మం మీదే! బోధన్‌లోని ఆ చిన్న ఆస్పత్రి వరండాలో, బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు ఆమె కన్నకొడుకు నితీష్. తల్లి డెంగీ జ్వరంతో మంచాన పడి మూలుగుతుంటే మందులు తెచ్చి చెల్లెలి చేతికిస్తాడు, టీ తెచ్చి తండ్రికిస్తాడు... గుమ్మం దాటి లోపలికి మాత్రం రాడే! 'ఎట్లున్నవ్ అవ్వా' అని ఒక్క మాట అడగడే! ఆ పాడు గంజాయి పోతూ పోతూ నా బిడ్డ గుండెను గింత బండ చేసిపోయిందా అని, దిండులో మొహం దాచుకుని కుమిలిపోయింది సాయవ్వ.

ఆ మహమ్మారి ఇంట్లోకి వచ్చిన సంగతి మొదట తెలిసింది కూడా ఆమెకే. నితీష్ రోజూ బస్సెక్కి నిజామాబాద్‌లో డిగ్రీ కాలేజీకి వెళ్లి వచ్చేవాడు. ఒకరోజు వాడి ప్యాంటు ఉతకబోతే జేబులో కాగితం పొట్లం, అందులో ఎండిన ఆకు! ఏ కడుపునొప్పి మందో అనుకుంది పిచ్చితల్లి! భర్త రామ్‌దాస్‌కు చూపించింది. పొలం నుంచి అప్పుడే వచ్చిన ఆ మనిషి వాసన చూసి, చేతిలో చెర్నాకోల ఉందని కూడా మరిచి కొడుకు మీద విరుచుకుపడ్డాడు. వీపు కమిలిపోయినా వాడు పారిపోలేదు. "ఇడవాలనే ఉంది బాపూ... అది నన్ను ఇడుస్తలేదు!" అని తండ్రి కాళ్లు పట్టుకుని బావురుమన్నాడు. కొట్టిన చేతులే వాడిని దగ్గరికి తీసుకున్నాయి.

చెల్లెలు సుష్మ ఎవరినో కనుక్కుని, నిజామాబాద్‌లో ఇలాంటి పిల్లలకు కౌన్సెలింగ్ చేసే హర్షిణి మేడం దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె తిట్టలేదు, నీతులు చెప్పలేదు. రోజూ సాయంత్రం వాడి ఫోనుకు ఒక మెసేజ్ వచ్చే ఏర్పాటు చేసింది. ఈరోజు మనసు లాగిందా, తాగావా అని అడుగుతుంది ఆ మెసేజ్. ఉన్నదున్నట్టు జవాబివ్వాలి, అంతే. ఆగలేనంతగా అనిపించి ఫోన్ చేస్తే ఆమే మాట్లాడుతుంది. వాడు మెల్లగా మారాడు. అన్నం సరిగ్గా తింటున్నాడు, చెల్లెల్ని ఆటపట్టిస్తున్నాడు! ఆ ఇంట్లో మళ్లీ నవ్వు వినబడింది.

తరువాతిసారి సాయవ్వ కూడా వెంట వెళ్లినప్పుడు హర్షిణి మొహం వెలిగిపోయింది. "ఇంతకుముందు రోజూ తాగేవాడు కదమ్మా! ఈ వారం రెండుసార్లే. బాగా తగ్గించాడు!"

సాయవ్వ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "రెండుసార్లు తాగితే సంబురమా మేడం? విషం జెర తక్కువ తాగిండని ఏ తల్లన్న మురుస్తదా?"

"ఒక్కరోజులో పోయేది కాదమ్మా. జారినా మనతో చెప్పుకుంటున్నాడు చూడండి, ఆ దారి మూసుకుపోకూడదు. కోపంలోనో ప్రేమలోనో ఒట్లు మాత్రం వేయించకండి," అంది హర్షిణి.

సాయవ్వ తలూపింది. ఊపితే ఏం లాభం! ఆ రెండుసార్లన్న మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. పోచమ్మకు బోనం తీసిన రోజు, దీపం ముందు కొడుకును కూర్చోబెట్టి వాడి చెయ్యి లాక్కుని తన తల మీద పెట్టుకుంది.

"మళ్ల గది ముట్టుకుంటే నీ అవ్వ సచ్చినంత ఒట్టు! అను కొడుకా!"

"గిట్లొద్దవ్వా... మేడం వద్దన్నది..."

"నవమాసాలు మోసిన నాకన్న గా మేడం ఎక్కువైందా?"

ఆ మాటకు ఎదురు చెప్పగల కొడుకు ఎవడుంటాడు! కళ్లనీళ్లతో ఒట్టు పెట్టాడు. ఇక గండం గడిచిందని ఆ తల్లి హాయిగా నిద్రపోయింది.

ఇప్పుడు ఆస్పత్రిలో సుష్మ ఫోన్ తెచ్చి తల్లి చెవి దగ్గర పెట్టింది. "హర్షిణి మేడం అవ్వా... అన్న ఫోన్ ఎత్తుతలేడని నాకు చేసింది."

"నా కొడుకు మానేసిండు మేడం!" ఆ నీరసంలోనూ గర్వంగా చెప్పింది సాయవ్వ. "బోనాల నాడు నా తల మీద ఒట్టేయించిన. గంతే, ఇడిసిపెట్టిండు!"

అవతలి నుంచి హర్షిణి నెమ్మదిగా అంది... "అమ్మా, అప్పటి నుంచే వాడు నాకు జవాబివ్వడం మానేశాడు."

కొడుకు లోపలికి ఎందుకు రావడం లేదో సాయవ్వకు ఒక్కసారిగా తెలిసిపోయింది! "నితీషూ..." అని పిలిచింది. వాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"లోపటికి రా బిడ్డా..."

"నేను రాను అవ్వా! నేను ముట్టిన... ఒట్టు తప్పిన! గందుకే నీకు గిట్లయింది! నా చేతులతోటి నేనే నిన్ను సంపుకుంటున్న!" వాడు తలుపు పట్టుకుని కూలబడిపోయాడు. "ఎవలకు సెప్పాలె? మేడంకు సెప్తే నీకు తెలుస్తది... భయమైతే మళ్ల గదే తాగిన అవ్వా..."

మంచం పక్క నుంచి చెయ్యెత్తి లేచిన రామ్‌దాస్, భార్య మొహం చూసి అలాగే కూర్చుండిపోయాడు. సాయవ్వ సెలైన్ సూది గుచ్చిన చెయ్యి చాచింది. అయ్యో, ఎంత పని చేసింది తను! బిడ్డ కాపాడమని అరవకుండా వాడి నోటికి తనే గుడ్డ కుక్కింది!

"దోమ కుట్టి జ్వరమొచ్చింది కొడుకా, నీ వల్ల కాదు! నా ఒట్టు నేనే తీసి గట్టు మీద పెట్టిన... ఇగ లేదు పో!"

వాడు పాక్కుంటూ వచ్చి ఆమె పాదాల మీద తల పెట్టాడు. నమ్మాడో లేదో తెలియదు. వాడి ఏడుపు మాత్రం ఆగలేదు. చాలాసేపటికి ఫోన్ తీసి, హర్షిణికి జవాబు రాశాడు. ఈరోజు కూడా తాగాను, అని. రాసింది అవ్వకు పైకే చదివి వినిపించాడు.

ఈరోజు కూడా! ఆస్పత్రి వెనకాలే కావచ్చు... తను ఈ మంచం మీద ఉండగానే! సాయవ్వ పెదవి కొరుక్కుంది. తిట్టాలనిపించింది, గుండెలు బాదుకోవాలనిపించింది, మళ్లీ వాడి చెయ్యి పట్టి తల మీద పెట్టుకోవాలనిపించింది. ఏదీ చేయలేకపోయింది.

"రేపు మళ్ల ముడితే ఏం జెయ్యాలె అవ్వా?" చిన్నపిల్లాడిలా అడిగాడు నితీష్.

"నాకే సెప్పు బిడ్డా... అందరికన్న ముందు నాకే సెప్పు," అంది వాడి జుట్టు నిమురుతూ.

అనడమైతే అంది గానీ, ఆ మాట వినే బలం తనకు ఉందో లేదో సాయవ్వకే తెలియదు!